మొరవ నీళ్లకు దారేది?

2021 నవంబర్ చివరి వారంలో తిరుపతి ఎం.ఆర్.పల్లి ప్రాంతంలోని శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి ముందు జనం గుమిగూడారు. ఆ ఇంట్లో సిమెంటు ఒరలు దించి కట్టిన, సుమారు పాతికడుగుల లోతున్న నీళ్ల తొట్టి ఉంది. వరద తీశాక అందులోని నీళ్లు తోడి శుభ్రం చేస్తుండగా, తొట్టి ఉన్నట్టుండి నేలను చీల్చుకుని పైకి లేచింది. లోపల ఉన్న మహిళ ప్రాణాలతో బయటపడ్డారు. నిన్నటిదాకా నేల మట్టానికి ఉన్న తొట్టి ఇప్పుడు మనిషి ఎత్తును మించి నిలబడి ఉంది. కొందరు మహిమ అన్నారు, కొందరు భూకంపానికి సూచన అన్నారు. విశ్వవిద్యాలయం నుంచి భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లు వచ్చి చూసి, ఇది నీటి పనేనని తేల్చారు.

జనం అడిగిన ప్రశ్న చిన్నది: పాతికడుగుల తొట్టిని నేల ఎలా బయటికి తోసింది? దాని వెనక పెద్ద ప్రశ్న ఒకటుంది. కరువు సీమ అని పేరు పడ్డ రాయలసీమలో, ట్యాంకర్ల కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లలో, ఇంత వరద ఎక్కణ్నించి వచ్చింది? అది ప్రకృతి చేసిందా, ప్రభుత్వం చెయ్యాల్సింది చెయ్యక వచ్చిందా? రెంటికీ జవాబు నీటి నడకలోనే ఉంది. ఏ వరదలోనైనా మూడు లెక్కలుంటాయి: ఎంత నీరు వచ్చింది, అది పోవడానికి ఎంత దారి ఉంది, అది వచ్చేలోపు మనుషులకు ఎంత గడువు దొరికింది. మొదటిది ఆకాశం చేతిలో ఉంది. మిగతా రెండూ చాలావరకు మన చేతుల్లో, అంటే మన తరఫున అధికారం నడిపేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఈ అధ్యాయం చెప్పేది ఇంతే. అయితే ఊరికే చెబితే నమ్మనక్కర్లేదు, ఒక్కో లెక్కా వేసి చూద్దాం.

ఖాళీ బిందె తన్నే తన్ను

నిండు బావిలో ఖాళీ బిందెను మూతి పైకి ఉంచి నొక్కితే అది చేతిని పైకి తంతుంది. బిందె ఆక్రమించిన చోట ఉండాల్సిన నీళ్లు ఎంత బరువుంటాయో అంత బలంతో చుట్టూ ఉన్న నీరు దాన్ని పైకి నెడుతుంది. దీన్ని తేల్చే బలం అందాం. బిందెలో నీళ్లు పోసేకొద్దీ బరువు పెరిగి, తన్ను తగ్గి, చివరికి అది మునుగుతుంది. నేలలో దించిన తొట్టి కూడా బిందె లాంటిదే. మామూలు రోజుల్లో దాని చుట్టూ ఉన్నది పొడి మట్టి. ఆ మట్టి తొట్టిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, నెట్టడానికి అక్కడ నీరుండదు. రోజుల తరబడి వాన కురిసి మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండితే ఆ నేల గంజిలా మారుతుంది, పట్టు వదులుతుంది. అప్పుడు తొట్టి మట్టిలో పాతినట్టు ఉండదు, నీళ్లలో నిలబెట్టినట్టు ఉంటుంది.

ఉదాహరణకు అయిదడుగుల వెడల్పు, పాతికడుగుల లోతున్న గుండ్రటి తొట్టిని తీసుకుందాం. అది ఆక్రమించే చోటులో దాదాపు 14 వేల లీటర్ల నీరు పడుతుంది, అంటే 14 టన్నులు. రెండంగుళాల మందం సిమెంటు ఒరల బరువు అందులో సగం కూడా ఉండదు. తొట్టి నిండుగా ఉన్నంతకాలం లోపలి నీళ్లే దాన్ని అదిమి పట్టాయి. శుభ్రం చేద్దామని తోడెయ్యగానే ఆ బరువు పోయింది, బిందె తన్నింది. నేల చిత్తడిగా ఉన్నప్పుడు భూమిలో ఉన్న తొట్టిని పూర్తిగా ఖాళీ చెయ్యకూడదన్న చిన్న జాగ్రత్త వరద తర్వాత వీధివీధికీ చెప్పాల్సిన మాట. సాయమంటే పులిహోర పొట్లాలే కాదు, ఇలాంటి మాట వేళకు చేరడం కూడా.

ఆ తొట్టి మనకు ఇంకో సంగతి చెప్పింది. ఆ నవంబర్‌లో తిరుపతి నేల పూర్తిగా నిండిపోయి ఉంది. 11వ తేదీన ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటి ఈ ప్రాంతాన్ని తడిపి వెళ్లింది. వారం తిరిగేసరికి రెండోది వచ్చి, 19వ తేదీ తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది. పొడి గోనెసంచి మీద చెంబెడు నీళ్లు పోస్తే పీల్చుకుంటుంది. తడిసి ముద్దయిన సంచి మీద అదే చెంబెడు పోస్తే మొత్తం కిందికి కారిపోతుంది. కాబట్టి వాన ఎన్ని సెంటీమీటర్లు పడుతుందన్న కబురు ఒక్కటే చాలదు. అది ఏ నేల మీద పడుతోంది, చెరువుల్లో ఇంకెంత చోటు మిగిలింది అన్నది కూడా కలిపి లెక్కగట్టాలి. ఆ వివరాలు ఉండేది ప్రభుత్వ శాఖల దగ్గరే. మామూలు మనిషి ఇంటి ముందు నిలబడి వాటిని కనుక్కోలేడు.

కొండ మీది వాన, కింద ఊరి గడియారం

దేశంలో ఎక్కువ చోట్ల వానలు జూన్ నుంచి సెప్టెంబర్ వరకు కురుస్తాయి. చిత్తూరు, తిరుపతి, నెల్లూరు వైపు మాత్రం అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలు కూడా గట్టిగానే కురుస్తాయి. బంగాళాఖాతం మీదుగా తేమ నింపుకుని వచ్చే గాలికి శేషాచలం కొండలు అడ్డం నిలబడతాయి. పైకి ఎక్కక తప్పని గాలి చల్లబడుతుంది, ఇడ్లీ పాత్ర మూతకు ఆవిరి తగిలి చుక్కలు కట్టినట్టు తేమ నీరవుతుంది. అందుకే కింద ఊళ్లో ఒక మోస్తరు వాన పడే రోజున తిరుమల కొండ మీద కుండపోత కురవొచ్చు. అది సగటు లెక్కలో కనపడదు. ఏడాది మొత్తానికి తక్కువ వాన పడే ప్రాంతమే రెండు రోజుల్లో మునిగిపోవడంలో వింతేమీ లేదు. కరువూ వరదా ఒకే ఇంటి బిడ్డలు. తక్కువ రోజుల్లో ఎక్కువ కురిసే చోట రెండూ ఉంటాయి.

వాతావరణ శాఖ 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు, అంటే సుమారు 20 సెంటీమీటర్లు దాటితే దాన్ని అత్యంత భారీ వర్షం అంటుంది. ఒక చదరపు కిలోమీటరు మీద 20 సెంటీమీటర్లు పడితే 20 కోట్ల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లకు ఎత్తితే 40 వేల ట్యాంకర్లు. వందల చదరపు కిలోమీటర్ల కొండల మీద అలా పడితే ఎన్ని ట్యాంకర్లో ఊహించుకోండి. గోదావరి, కృష్ణల్లో పైన పడిన వాన కిందికి రావడానికి రోజులు పడుతుంది. భద్రాచలం దగ్గర నీటి మట్టం చూసి ధవళేశ్వరంలో సిద్ధం కావచ్చు. శేషాచలం వాలు మీద పడిన నీటికి అంత దూరం లేదు. కపిలతీర్థం జలపాతం ఉగ్రరూపం దాల్చిందంటే కాసేపట్లో ఆ నీళ్లు ఊళ్లో ఉంటాయి. ఆ నవంబర్‌లో తిరుమలకు వెళ్లే ఘాట్ రోడ్లు, నడకదారులు మూసెయ్యాల్సి వచ్చింది, ఊరి వీధులు వాగులయ్యాయి. ఇలా గంటల్లో వచ్చిపడే వరదను మెరుపు వరద అనొచ్చు. దీనికి దొరికే గడువు చాలా తక్కువ, అందుకే ముందుగా చేసి పెట్టుకున్న పనే అప్పుడు అక్కరకొస్తుంది.

సీమ పెద్దలకు ఈ గడువు సంగతి తెలుసు. అందుకే గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. పై చెరువు నిండితే మొరవ పోతుంది. కోస్తాలో కలుజు, తెలంగాణలో మత్తడి అనేదే ఇక్కడి మొరవ. ఆ నీరు వంక వెంట నడిచి కింది చెరువుకు చేరుతుంది, అది నిండితే ఇంకో కిందిదానికి. ఇంటి జాలారిలో నీళ్లు ఒక్కసారిగా కుమ్మరిస్తే పొంగుతాయి, మధ్యలో నాలుగు తొట్లు పెట్టి ఒకదాన్నుంచి ఒకదానికి పోనిస్తే నెమ్మదిగా వెళతాయి. చెరువుల గొలుసు చేసే పని అదే. నీటిని దాచడం దాని ఒక పని, నీటికి తొందర తగ్గించడం రెండో పని. మొదటిది రైతుకు తెలుసు, రెండోది పట్నం మరిచిపోయింది. చెరువు పూడ్చి లేఅవుట్ వేస్తే గొలుసులో ఒక తొట్టి తగ్గింది. వంక మీద ఇల్లు కడితే దారి పోయింది. కాంక్రీటు పరిస్తే పీల్చుకునే నేల పోయింది. తర్వాత స్వర్ణముఖి పొంగి తిరుచానూరు దగ్గర గట్టును కోసినా, చిత్తూరు మధ్యలో నీవా నది ఇళ్లలోకి వచ్చినా, అవి పోగొట్టుకున్న తమ దారిని వెతుక్కుంటున్నాయని అర్థం.

కట్ట తెగే రెండు విధాలు

మట్టికట్ట రెండు రకాలుగా తెగుతుంది. ఒకటి నీరు పైనుంచి పొర్లడం. కట్ట పైభాగాన్ని దాటి నీరు అవతలి వాలు మీద పడితే మట్టిని కోసుకుంటూ పోతుంది. అడుగు వెడల్పు గండి చూస్తుండగానే పది గజాలవుతుంది. రెండోది లోపలినుంచి తొలవడం. ఎండ్రకాయ బొక్కలోనో, కుళ్లిన చెట్టువేరు వదిలిన సందులోనో నీరు ఊరుతుంది. ఊరే నీరు తేటగా ఉన్నంతవరకు భయం తక్కువ. ఎర్రగా, బురదగా మారిందంటే అది కట్ట మట్టిని లోపలినుంచి మోసుకొస్తోందన్నమాట. ఇక మిగిలేది గంటలే కావొచ్చు. 2021 నవంబర్ ఈ రెండు విధాలనూ రెండు రోజుల తేడాలో చూపింది. ఒక చోట ఊళ్లు పోయాయి, ఇంకో చోట ఊళ్లు నిలిచాయి.

చిత్తూరు పడమటి మండలాల్లో పడిన వానను బాహుదా, పింఛా ఏరులు కడప వైపు తీసుకెళ్లి చెయ్యేరులో కలుపుతాయి. రాజంపేట దగ్గర బాదనగడ్డ వద్ద దాని మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్టారు, నిల్వ 2.24 టీఎంసీలు. ముందుగా ఎగువన పింఛా కట్ట తెగింది. ఆ వరద మీద పడ్డాక 19వ తేదీ తెల్లవారుజామున అన్నమయ్య మట్టికట్ట కొట్టుకుపోయింది. ఆ రోజు కార్తీక పున్నమి, దిగువ పల్లెల్లో జనం తెల్లవారకముందే గుడిలో దీపాలు పెడుతున్నారు. పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ల మీద నీళ్లు విరుచుకుపడ్డాయి. రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు చిక్కుకున్నాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అవే నీళ్లు పెన్నలో కలిసి నెల్లూరు దాకా వెళ్లి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది మట్టిని ఊడ్చుకుపోయాయి. చిత్తూరు జిల్లాలో పడిన చినుకు మూడు జిల్లాలు దాటింది. జాగ్రత్త మాత్రం అంత దూరం ప్రయాణం చెయ్యలేదు.

ఆ తర్వాత శాసనసభలో ప్రభుత్వం చెప్పిన లెక్క ఇది: ప్రాజెక్టు నుంచి బయటికి వదలగలిగేది 2.17 లక్షల క్యూసెక్కులు, వచ్చింది 3.20 లక్షలు. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. తేడా లక్ష క్యూసెక్కుల పైచిలుకు, అంటే ప్రతి సెకనుకూ దాదాపు 29 లక్షల లీటర్లు లోపలే మిగులుతున్నాయి. ఆ లెక్కన మూడు గంటల్లో ఒక టీఎంసీకి పైగా, ప్రాజెక్టు మొత్తం నిల్వలో సగం. ఇంత వస్తే ఏ కట్టా ఆగదని ఈ అంకెలు చూసి అనొచ్చు. కానీ అదే ఏడాది డిసెంబర్‌లో కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలో ఇంకో మాట చెప్పారు: ఉన్న అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. అయిదింటిలో ఒకటి పడిపోతే నీరు పోయే దారిలో అయిదో వంతు పోయినట్టే. ఆ గేటు తెరిచి ఉంటే కట్ట నిలిచేదా అన్నది నిపుణులు వాదించుకోవచ్చు. గేటు ఎత్తబోయే రాత్రికి ముందే అది లేస్తుందో లేదో తెలిసి ఉండాలన్న దాంట్లో వాదించడానికేమీ లేదు. గొలుసుకు గ్రీజు రాయడం, జనరేటర్‌లో డీజిల్ పొయ్యడం, వానలకు ముందు ఒకసారి పూర్తిగా ఎత్తి దించి చూడడం, వీటికి వాతావరణ శాస్త్రం అక్కర్లేదు.

ఇప్పుడు రెండో చోటికి వెళదాం. తిరుపతి దగ్గర రామచంద్రాపురం మండలంలో రాయల చెరువు ఉంది. విజయనగర కాలం నాటిది, వయసు అయిదు వందల ఏళ్లు దాటింది. 21వ తేదీన, అంచులదాకా నిండిన ఆ చెరువు కట్ట నుంచి నీరు ఊరుతున్నట్టు కనిపించింది. వెంటనే దిగువ పల్లెలకు కబురు వెళ్లింది, జనాన్ని ఖాళీ చేయించారు. ఇసుక మూటలు వేసి ఊటను అదుపు చేశారు. చెరువు తెగలేదు. ఇందులో అదృష్టం పాలు లేదని అనలేం. కానీ తేడా ఎక్కడుందో గమనించండి. అక్కడ ఊటను మనిషి కన్ను చూసింది, చూసిన మాట కదిలింది, కదిలిన మాట విని ఊరు లేచింది. పాత మట్టికట్ట, నిండు నీరు, తడిసిన నేల, అన్నీ ప్రమాదకరమే. వాటికి ఎదురు నిలిచింది గడువు ఒక్కటే.

తీరం నేర్చుకున్నది, సీమ నేర్చుకోవాల్సింది

నవంబర్ 19 తెలుగువాళ్లకు కొత్త తేదీ కాదు. 1977లో అదే రోజున దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి దాదాపు పదివేల మందిని బలిగొంది. సరిగ్గా 44 ఏళ్ల తర్వాత అదే తేదీన చెయ్యేరు కట్ట తెగింది. ఈ రెంటి మధ్య కాలంలో కోస్తా చాలా నేర్చుకుంది. 1990 మేలో కృష్ణా డెల్టా మీదికి మళ్లీ పెద్ద తుపాను వచ్చింది. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు, చనిపోయినవాళ్లు వెయ్యికి లోపు. గాలి మెత్తబడలేదు, సముద్రం వెనక్కి తగ్గలేదు. మధ్యలో వచ్చినవి తుపాను రాడార్లు, తుపాను షెల్టర్లు, ఊరు ఖాళీ చేయించే పద్ధతి. పొరుగున ఒడిశాలోనూ ఇదే జరిగింది. 1999 మహాతుపానులో పదివేల ప్రాణాలు పోయాయి, 2013లో ఫైలిన్ వచ్చేనాటికి ఆ అంకె పదుల్లోకి దిగింది. విపత్తు ప్రకృతిది, ప్రాణనష్టం ఏర్పాట్లది అని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ పాఠం సీమకు ఎందుకు రాలేదు? ఒక కారణం పేరు. కరువు సీమ అనే పేరు పడ్డాక ప్రణాళికలన్నీ కరువు చుట్టూ తిరుగుతాయి. రెండోది, తీరంలో పనికొచ్చిన పద్ధతి ఇక్కడ ఉన్నదున్నట్టుగా సరిపోదు. తుపాను మూడు రోజుల ముందే సముద్రంలో కనిపిస్తుంది, అది తాకే తీరం కూడా ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఇక్కడ ప్రమాదం ఏ వంకలో పుడుతుందో, ఏ కట్ట దగ్గర మొదలవుతుందో ఆకాశంలోంచి చూస్తే తెలియదు. వాతావరణ శాఖ ఎర్ర హెచ్చరిక ఇస్తుంది. జిల్లాకు ఎంత వాన పడొచ్చో చెబుతుంది. ఆ వాన పడితే మా వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వస్తాయి, పక్క ఊరి చెరువు ఆగుతుందా, ఏ రోడ్డు తెగుతుంది అనే ప్రశ్నలకు అందులో జవాబుండదు. రైతుకు, అద్దె ఇంట్లో ఉండే కూలీకి, రైల్వే అండర్ బ్రిడ్జి కింద బండి దూర్చబోయే డ్రైవరుకు కావలసింది ఆ జవాబే. ఎర్ర రంగును వీధి భాషలోకి మార్చే పని జిల్లాలో, మండలంలో, చెరువు కట్ట మీద జరగాలి.

దీనికి చట్టం లేదని కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ కలెక్టర్ అధ్యక్షతన ఒక ప్రాధికార సంస్థ ఉండాలి, జిల్లా ప్రణాళిక ఉండాలి, ఏ శాఖ ఏం చెయ్యాలో అందులో రాసి ఉండాలి, ఏటేటా దాన్ని సరిచూడాలి. ఆనకట్టల భద్రత చట్టాన్ని రాజ్యసభ ఆమోదించింది 2021 డిసెంబర్ 2న, అన్నమయ్య కట్ట తెగిన రెండు వారాలకు. ప్రతి ఆనకట్టకూ అత్యవసర ప్రణాళిక ఉండాలని అది చెబుతుంది. అయితే ఆ చట్టం ప్రధానంగా 15 మీటర్లు దాటిన కట్టలకు, కొన్ని షరతులతో 10 మీటర్లు దాటినవాటికి వర్తిస్తుంది. సీమలోని వేలాది చెరువు కట్టలు అంతకన్నా పొట్టివి. ఎత్తు తక్కువైనా వాటి కిందే ఊళ్లున్నాయి. తుపానుకు ఒక చట్రం, పెద్ద ఆనకట్టకు ఒక చట్టం ఏర్పడ్డాయి. మధ్యలో ఉన్న చెరువుకు మాత్రం దిక్కు లేదు.

ఎవరేం చేస్తారంటారా?

ఇక్కడికి వచ్చేసరికి నాలుగు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది, కనీవినీ ఎరగని వాన పడితే ఎవరేం చేస్తారు? నూరేళ్లకోసారి వచ్చే వరద అనే మాట మనల్ని మోసం చేస్తుంది. ఒకసారి వచ్చిందిగా, ఇక నూరేళ్లు హాయి అనిపిస్తుంది. దాని అసలు అర్థం వేరు. సంచిలో వంద గోలీలున్నాయి, ఒకటి ఎర్రది. ఏటా ఒక గోలీ తీసి చూసి, మళ్లీ సంచిలోనే వేస్తాం. ఈ ఏడు ఎర్రది వచ్చిందని వచ్చే ఏడు రాకుండా పోదు. ముప్ఫై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోపు ఎర్ర గోలీ ఒకసారైనా చేతికి తగిలే అవకాశం నాలుగో వంతుకు పైమాటే. పైగా సంచిలో ఎర్ర గోలీలు పెరుగుతున్నాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. పట్టుకున్నది ఎక్కడో ఒకచోట కుమ్మరించక తప్పదు. పాత రికార్డులను బట్టి కట్టిన మొరవలు, తూములు, కల్వర్టులు చాలవని ముందే తెలిసినప్పుడు కనీవినీ ఎరగనిది అనే మాట సంజాయిషీగా పనికిరాదు.

రెండోది, ఆక్రమించింది జనమే కదా, ప్రభుత్వాన్ని అనడమెందుకు? ఆక్రమణలో జనం పాత్ర నిజమే. కానీ వంక పక్క ప్లాటు నడిచిన దారి చూడండి. లేఅవుట్‌కు అనుమతి ఒక కార్యాలయంలో, రిజిస్ట్రేషన్ ఇంకో కార్యాలయంలో, కరెంటు మీటరు మరో చోట, ఇంటిపన్ను రసీదు ఇంకో చోట. నాలుగు బల్లలు దాటి ముద్రలు వేయించుకున్న ప్లాటును కొన్నవాడు అది చెరువని ఎలా అనుకుంటాడు? చెరువులు, కుంటలు ఊరుమ్మడి ఆస్తులని, వాటిని కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో ఒకసారి, 2011లో మరోసారి గట్టిగా చెప్పింది. గుడిసె వేసుకున్న పేదవాడి తప్పును, లేఅవుట్ వేసిన పెద్దవాడి తప్పును, ముద్ర వేసిన అధికారి తప్పును ఒకే తక్కెడలో తూచకూడదు. ఆక్రమణ తొలగించడం అవసరమే. ముందు ఇల్లు చూపించి, తర్వాత గోడ తీస్తే అది న్యాయం అవుతుంది.

మూడోది డబ్బు. పేద రాష్ట్రం ఎక్కణ్నించి తెస్తుంది? వరద పోయాక రోడ్లు, కరెంటు స్తంభాలు, పైపులు, నష్టపరిహారం అంటూ ఎలాగూ ఖర్చు పెడుతున్నాం. అందులో కొంత ముందే పెట్టమన్నదే ఇక్కడి మాట. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా రాష్ట్రాల విపత్తు నిధులకు 1,60,153 కోట్ల రూపాయలు లెక్కగట్టి, అందులో 20 శాతాన్ని ముప్పు తగ్గించే పనులకు విడిగా పెట్టింది. గ్రీజు డబ్బా, నీటి మట్టం చూపే కొలబద్ద, అండర్ బ్రిడ్జికి ఒక అడ్డుగేటు, మైకు ఉన్న ఆటో, వీటిలో ఏదీ రాష్ట్ర ఖజానాను కుంగదీసేది కాదు. కొరత డబ్బులో కన్నా శ్రద్ధలో ఎక్కువ. వరద నీళ్లలో పడవ నడిపితే ఫోటో వస్తుంది, మొరవ కాలువలో పూడిక తీస్తే రాదు.

నాలుగోది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం, సీమలో పుట్టినవాళ్లకే తోచేది. మూడేళ్లు ఎండిన చెరువు ఒకసారి నిండింది. వాన వస్తుందన్న కబురు విని ఉన్న నీళ్లు వదిలేసి, ఆ వాన రాకపోతే? ఆయకట్టు రైతు ఊరుకుంటాడా? గేట్ల దగ్గర ఉండే ఇంజనీరు రాత్రిపూట ఎదుర్కొనే ప్రశ్న ఇదే. నీరు పట్టి ఉంచితే వరద నింద, వదిలితే కరువు నింద. చెన్నైలో 2015 డిసెంబర్ వరదప్పుడు చెంబరంబాక్కం జలాశయం నీటి విడుదల మీద ఇలాంటి చర్చే నడిచింది. తర్వాత కాగ్ నివేదిక దాన్ని మనుషులు తెచ్చిపెట్టిన విపత్తు అంది. ఈ చిక్కుకు పూర్తి విరుగుడు లేదు, భారాన్ని మాత్రం సరైన భుజం మీద పెట్టొచ్చు. ఏ నెలలో ఏ మట్టం దాకా నింపాలి, ఎంత వాన హెచ్చరిక వస్తే ఎంత వదలాలి అన్నది ముందే, పట్టపగలు, రైతుల ముందు కూర్చుని రాసుకోవాలి. దాని ప్రకారం నీరు వదిలాక వాన రాకపోతే ఆ రైతుకు పరిహారం ఇవ్వాలి. దిగువ ఊరి ప్రాణాల కోసం ఎగువ రైతు నీళ్లు వదులుకున్నప్పుడు ఆ ఖర్చు అందరిదీ కావాలి. రాసుకున్న నియమం లేనిచోట నిర్ణయం ఒంటరి ఉద్యోగి భయం మీద ఆధారపడుతుంది. భయపడ్డ మనిషి గేటు ఆలస్యంగా ఎత్తుతాడు.

ఎండాకాలంలో కనపడే బాధ్యత

ఈ ఆలోచనలేవీ మనకు పరాయివి కావు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాకుమారుడు భాస్కరుడు వెయ్యి మంది కూలీలతో, వంద బళ్లతో, రెండేళ్లు శ్రమించి అక్కడి చెరువు కట్టించాడని అది చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుంది, ఆరు దోషాలు ఉండకూడదంటుంది. కట్టనుంచి నీరు ఊరడం ఆ దోషాల్లో ఒకటి. పన్నెండు అంగాల్లో మొదటిదేమిటో తెలుసా? మట్టి కాదు, రాయి కాదు, నది కూడా కాదు. ధర్మం తెలిసిన రాజు. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు ఆ తర్వాతే. కట్ట మట్టితో నిలుస్తుందని తెలిసినవాళ్లే పాలకుణ్ని జాబితాలో ముందు పెట్టారు. కట్టినాక కాపాడడం వందల ఏళ్ల పని, దానికి ఒకరు జవాబుదారీగా ఉండాలని వాళ్లకు తెలుసు. చెరువు మరమ్మతు చేసేవాళ్లకు దశబంధం మాన్యాలు ఇచ్చారు, తూము తెరవడానికి నీరుగంటి ఉండేవాడు. ఆ కాలం కులం మీద, వెట్టి మీద నడిచిందన్నది కూడా నిజమే, దాన్ని తిరిగి తెచ్చుకోనక్కర్లేదు. అయితే స్వాతంత్య్రం తర్వాత ఇనాములు రద్దయ్యాయి, చెరువులు ప్రభుత్వ శాఖల చేతికి వచ్చాయి. ఆస్తి చేతులు మారినప్పుడు దాంతోపాటు పని కూడా రావాలి. నీరుగంటి పోస్టు పోయింది, కట్ట మీద తిరిగే కాళ్లు పోయాయి.

అందుకే ప్రభుత్వ బాధ్యతను కొలవడానికి నవంబర్ సరైన నెల కాదు. నవంబర్‌లో హెలికాప్టర్లు వస్తాయి, విపత్తు దళాలు పడవల మీద ప్రాణాలకు తెగించి పనిచేస్తాయి, పునరావాస కేంద్రాల్లో అన్నం వండుతారు. అవన్నీ కావాలి. కానీ అవి జాలారి మూసుకుపోయాక ఇంట్లో నీళ్లు ఎత్తిపోసుకునే పనులు. కొలవాల్సింది మే నెలలో. మండలంలో ఏ చెరువు కింద ఏ ఊరుందో కాగితం మీద ఉందా? దాని మొరవ నుంచి కింది వంక దాకా నడిచి చూశారా? గేట్లు ఎత్తి దించారా? ఎగువ జిల్లా నుంచి దిగువ జిల్లాకు అర్ధరాత్రి కబురు చేర్చే మనిషి ఎవరు, అతను సెలవులో ఉంటే ఇంకెవరు? ఊరు ఖాళీ చెయ్యాలంటే మంచం పట్టిన ముసలివాళ్లను ఏ బండిలో తీసుకెళ్లాలి, గొడ్లను ఎక్కడ కట్టాలి? గొడ్లకు చోటు చూపకపోతే రైతు ఇల్లు కదలడు. ఈ ప్రశ్నలకు జవాబులు గ్రామసభలో చదివి వినిపిస్తే, వాటిని అడిగే హక్కు కూడా ఊరికి వస్తుంది.

ఇక చివరిగా కట్ట దగ్గరికే వెళదాం. వాన పడుతున్న రాత్రి, చెరువు నిండుగా ఉంది, కట్ట అవతలి వాలు మీద ఒకచోట నీరు ఊరుతోంది. అది తేటగా ఉందా, ఎర్రగా మారిందా? అది తెలియాలంటే లాంతరు పట్టుకుని ఒక మనిషి అక్కడికి నడిచి వెళ్లాలి, ఆ రంగు తేడా అతనికి తెలిసి ఉండాలి, అతను ఫోన్ చేస్తే అవతల ఎత్తేవాళ్లుండాలి, ఎత్తినవాళ్ల మాట మీద ఊరు కదలాలి. ఆ మనిషి పేరు మీ మండలంలో ఎవరికైనా తెలుసేమో, ఈ ఎండాకాలం ఒకసారి కనుక్కోండి.